ఫోటోలో ఆరో ఆవిడ

అమీర్‌పేటలో వీధి వీధంతా కంప్యూటర్ కోర్సుల బోర్డులున్న రోజుల్లో నేనొక డీటీపీ సెంటర్లో పనిచేసేదాన్ని. పొద్దస్తమానం రెజ్యూమేలే టైపు చేయడం. ఒకరోజు ఓ పెద్దాయన రూళ్ల నోటుబుక్కు తెచ్చారు. మూతపడిన ఒక రేడియో, టీవీ కంపెనీలో సూపర్‌వైజరుగా చేశారట. పాత ఉద్యోగులంతా పంజాగుట్టలో కలుసుకుంటున్నారు, వాళ్లకు పంచడానికి కంపెనీ చరిత్ర అచ్చువేయాలి.

"అక్షరం పొల్లుపోకూడదమ్మా," అన్నారు.

రేకుల షెడ్డులో వాల్వు రేడియోలు, తర్వాత ట్రాన్సిస్టర్లు, ఆపైన నలుపు తెలుపు టీవీలు, చివరికి పోటీకి నిలవలేక తాళం. రెండు రోజులు టైపు చేశాను. మధ్యలో ఒక ఫోటో ఉంది. మొదటి టీవీ పక్కన యజమాని, ఇంజినీర్లు. వెనక వరసలో ఆరుగురు ఆడవాళ్లు. కింద మగవాళ్ల పేర్లన్నీ రాసి, చివర 'ఇతర సిబ్బంది' అని పెట్టారు.

ప్రూఫు చూడటానికి ఆయనతో బల్కంపేట నుంచి ఒకామె వచ్చింది. ఆమె కూడా ఆ కంపెనీలో చేసినామే. ఫోటో దగ్గర ఆగిపోయింది.

"సార్, గీ ఇతర సిబ్బంది అంటే మేమేనా?"

"అందరి పేర్లూ వేస్తే చోటు చాలదు కదమ్మా."

"కాయిల్స్ చుట్టింది మేము. సోల్డరింగ్ చేసింది మేము. టీవీల మొదటిసారి బొమ్మ వచ్చిననాడు మీరే మాకు మిఠాయి పంచిండ్రు."

ఆయన కళ్లద్దాలు తుడిచి పెట్టుకుని ఫోటో మళ్లీ చూశారు. రెండు రోజులు ఆ ఫోటో నా కళ్లెదుటే ఉంది. నాకూ తట్టలేదు.

"ఏంటమ్మా, చోటు సరిపోతుందా?" అని నన్నడిగారు. అక్షరాలు చిన్నవి చేస్తే సరిపోతుందన్నాను.

ఆమె తనతో కలిపి ఐదు పేర్లు చెప్పింది. ఆరో ఆవిడ పేరు ఇద్దరికీ గుర్తు రాలేదు. బాగా పాడేదని, పెళ్లయ్యాక మానేసిందని మాత్రం తెలుసు. మా ఫోన్‌లోనే ఖైరతాబాద్‌లో ఉన్న పాత స్నేహితురాలికి చేసి పేరు కనుక్కుంది. ఆ ఆరో ఆవిడ ఇప్పుడు మౌలాలిలో ఉంటోందని కూడా తెలిసింది.

"జర ఆమెను సుత పిలువుండ్రి సార్."

"నేనే వెళ్లి పిలుస్తాను," అన్నారాయన.

ఆవిడ మీటింగుకు వచ్చిందట. ఆ వారమే బల్కంపేట ఆమె మళ్లీ మా సెంటర్‌కు వచ్చింది. కాయిల్ సెక్షన్ గురించి ఆరుగురూ కూర్చుని పెన్సిలుతో రాసిన నాలుగు కాగితాలు నా ముందు పెట్టింది. రెజ్యూమేలు పక్కకు జరిపి ముందు అవే మొదలుపెట్టాను.