దేముడమ్మ సర్పంచిగిరీ

దేముడమ్మ గురించి రాయాలని కూర్చున్నప్పుడల్లా ముందు నా మీద నాకే అసహ్యం వేస్తుంది. అయినా రాస్తాను. ఆమె అయిదేళ్ల సర్పంచిగిరీని దగ్గర నుంచి చూసినవాణ్ణి. చెప్పాల్సిన రోజున నోరు మూసుకున్నవాళ్లలో నేనూ ఒకణ్ణి.

తంపరవలస రెండు ముక్కలుగా ఉంటుంది. పైన ఊరు. వరి రైతుల డాబాలు, రైస్‌మిల్లు, పంచాయతీ ఆఫీసు, నేను పాఠాలు చెప్పిన బడి అన్నీ అక్కడే. మైలున్నర కిందికి దిగితే సముద్రం ఒడ్డున పాలెం. అక్కడివాళ్లు వేట మీద బతుకుతారు. మగవాళ్లలో సగంమంది ఏడాదికి ఎనిమిది నెలలు గుజరాత్‌లో వీరావల్ బోట్ల మీదే ఉంటారు. దేముడమ్మ మొగుడు గంగులు కూడా అలా పోయినవాడే. ఆమె తెల్లారేసరికి ఒడ్డున చేపలు కొని, తట్టలో పెట్టుకుని, ఆటో ఎక్కి నరసన్నపేట బజారులో అమ్మేది. పాలెం, ఊరు కలిపి ఒకటే పంచాయతీ. ఓట్లు పాలెంలో ఎక్కువ, పెత్తనం ఊళ్లో.

ఆ పెత్తనం మురళీమోహన్‌ది. రైస్‌మిల్లు ఆయనదే. ముందు వాళ్ల నాన్న, తర్వాత ఆయన సర్పంచులుగా చేశారు. రెండువేల పదమూడులో సర్పంచి సీటు ఆడవాళ్లకు వచ్చింది. ఆయన భార్య పిల్లల చదువుల కోసం విశాఖపట్నంలో ఉండటంతో ఓటు కూడా అక్కడికే మారిపోయింది. పాలెం మనిషిని నిలబెడితే పాలెం ఓట్లూ కలిసొస్తాయి, చెప్పినట్టూ వింటుంది అని లెక్క వేసుకున్నాడాయన. వారానికి రెండుసార్లు వాళ్లింటికి చేపలు తెచ్చే దేముడమ్మ ఆయన కంటికి కనిపించింది. పోటీ లేకుండా ఎన్నికైంది.

సంతకం నేర్పమని ఆమెను నా దగ్గరికి పంపారు. బడి వదిలాక మూడో తరగతి గదిలో వారం రోజులు కూర్చుంది. పేరులో నాలుగక్షరాలు వస్తే చాలన్నాడు పంచాయతీ సెక్రటరీ గణపతిరావు. ఆమె మాత్రం చాలదంది. అంకెలు కూడా నేర్పమంది. పలకను చేపల తట్ట పట్టుకున్నట్టు రెండు చేతులా పట్టుకునేది. నేను నవ్వాను. ఆమె కూడా నవ్వింది.

పంచాయతీ ఆఫీసులో సర్పంచి కుర్చీ ఉంది. అందులో ఆమె కూర్చోగా నేను చూసింది రెండు సార్లు, రెండూ జెండా పండగలే. మిగతా రోజుల్లో ఫైళ్లన్నీ మురళీమోహన్ ఇంటికే వెళ్లేవి. ఆయన వరండాలో ఉయ్యాలబల్ల మీద ఊగుతూ ఉండేవాడు. ఆమె మెట్టు మీద కూర్చునేది. గణపతిరావు వేలు పెట్టిన చోట సంతకం చేసేది. ఇది ఏటి బాబూ అని ఆమె అడిగినప్పుడల్లా రోడ్డు పని అనో, వీధి దీపాలనో చెప్పేవారు. మొదటి రెండేళ్లలో పట్టుబట్టి పాలేనికి ఒక మంచినీళ్ల కుళాయి వేయించుకుంది. నెలకోసారైనా అదే మాట ఎత్తి, ఎత్తి, చివరికి విసిగించి సాధించింది. అయిదేళ్లలో ఆమె అనుకుని చేసింది అదొక్కటే.

రెండువేల పదిహేడులో మరుగుదొడ్ల పని వచ్చింది. ఇంటింటికీ ఒకటి కట్టాలి, ఫలానా తేదీలోగా ఊరు మొత్తం అయిపోవాలి అని పైనుంచి ఒత్తిడి. కాంట్రాక్టు కాగితం మీద ఎవరి పేరో ఉంది కానీ, పని చేయించింది మురళీమోహన్ బావమరిది. ఊళ్లో రైతులకి ఎప్పుడో కట్టుకున్న టైల్స్ బాత్రూములు ఉన్నాయి. వాటికి నంబర్లు వేసి బిల్లు చేశారు. పాలెంలో మాత్రం ఇసకలో మూడు గోడలు లేపారు. పునాది లేదు, గొయ్యి లేదు. ఇసక మీద ఒక మరుగుదొడ్డి బేసిన్ పెట్టి పోయారు. తలుపు అన్నిటికీ కలిపి ఒకటే. నీలంరంగు ప్లాస్టిక్ తలుపు. దాన్ని ఇద్దరు మనుషులు మోసుకుంటూ ఇల్లిల్లూ తిరిగారు. ప్రతి గోడకీ ఆ తలుపు ఆనించడం, ముందు ఆ ఇంటావిడని నిలబెట్టడం, గణపతిరావు ఫోనుతో ఫొటో తీయడం. పక్కన సర్పంచి ఉండాలని దేముడమ్మని కూడా ప్రతి ఫొటోలో నిలబెట్టారు. గోతులు తర్వాత తవ్వుతాం, ముందు ఫొటో ఎక్కకపోతే డబ్బు వెనక్కి పోతుంది అన్నారు. ఆమె నమ్మింది.

మరుసటి ఏడాది మొదట్లో మా పంచాయతీలో ఇక ఎవరూ బయటికి వెళ్లడం లేదని ప్రకటించారు. జిల్లా కేంద్రంలో సభ పెట్టి దేముడమ్మకి శాలువా కప్పారు. ఆ రోజు కూడా పాలెం ఆడవాళ్లు, దేముడమ్మతో సహా, చీకటితోనే ఒడ్డుకి వెళ్లి వచ్చారు. ఇంటికి వచ్చాక శాలువా ఎక్కడ పెట్టాలో తెలియక బియ్యం డ్రమ్ము మీద పడేసిందట.

ప్రకటించాక దాన్ని నిలబెట్టాలి కదా. అందుకు టీచర్లకి డ్యూటీ వేశారు. తెల్లవారుజామున ఒడ్డుకి వెళ్లాలి, ఎవరైనా కూర్చుంటే ఈల ఊదాలి. మెడలో ఈల వేసుకుని నేనూ వెళ్లాను. ఇరవై ఏడేళ్ల సర్వీసున్న పంతుల్ని, ఆడవాళ్ల వెనక ఈల ఊదాను. రెండు వారాలు ఊదాను.

మూడో వారంలో ఒకరోజు గణపతిరావు కూడా వచ్చాడు. సరుగుడు తోట పక్కన ఎవరో కూర్చుని ఉన్నారు. నేను ఊదాను. లేవబోయిన మనిషి కాలు మడత పడి, కూర్చున్న చోటే కూలబడింది. దగ్గరికి వెళ్తే బుల్లమ్మ. దేముడమ్మ తల్లికి అక్క. డెబ్బై దాటిన మనిషి, మూడు రోజులుగా విరేచనాలు. చీరంతా పాడైంది. ఆమె రెండు చేతులతో మొహం కప్పుకుంది. గణపతిరావు ఫోను తీసి ఫొటో కొట్టాడు. నేను ఈల ఇంకా నోట్లోనే పెట్టుకుని నిలబడ్డాను. వద్దని అనలేదు.

ఆ ఫొటో పంచాయతీ వాట్సాప్ గ్రూపులో పెట్టారు. అందరికీ బుద్ధి రావాలని మురళీమోహన్ కింద రాశాడు. ఆ నెల బుల్లమ్మకి రేషను బియ్యం ఇవ్వొద్దని డీలరుకి చెప్పాడు. డీలరు ఇవ్వలేదు.

దేముడమ్మ మురళీమోహన్ ఇంటికి వెళ్లినప్పుడు నేను అక్కడే ఉన్నాను. బడి ప్రహరీ గోడ పని గురించి వెళ్లాను. ఆమె ఆ రోజు మెట్టు మీద కూర్చోలేదు.

"బాబూ, ముసిల్దానికి లెట్రిన్ నేదు. ఒడ్డుకి కాకపోతే ఎక్కడికెల్తాది?" అంది.

ఆయన ఉయ్యాల ఆపలేదు. "ఉన్నాదని నువ్వే కదే సంతకం పెట్టావు. అది అబద్ధమైతే జైలుకెళ్లేది నువ్వు. నేను కాదు."

"గోతులు తరవాత తవ్వుతామన్నారు."

"తవ్వుతారు. ముందు నువ్వు పోయి చేపలమ్ముకో."

ఆమె నా వైపు చూసింది. నేను ప్రహరీ ఎస్టిమేటు కాగితం చూసుకున్నాను.

ఏప్రిల్‌లో, విజయనగరం వైపు నుంచి ఒక ఇంజనీరు తనిఖీకి వచ్చాడు. మురళీమోహన్ ఏర్పాట్లు ముందే చేశాడు. మిల్లు దగ్గర కొబ్బరిబొండాలు, టిఫిను, ఆ తర్వాత ఊళ్లో నాలుగు టైల్స్ బాత్రూములు చూపించి పంపేయాలని పథకం. జీపు మూడో బాత్రూము దగ్గర ఆగేసరికి దేముడమ్మ ఎదురుగా వచ్చి నిలబడింది. సర్పంచినని చెప్పింది. పాలేనికి తీసుకెళ్తానంది. గణపతిరావు ఎండగా ఉందన్నాడు. ఇంజనీరు ఆమె కాళ్లకున్న ఇసక చూసి, పదండి అన్నాడు.

మొదట బుల్లమ్మ ఇంటికి తీసుకెళ్లింది. మూడు గోడల మధ్య చిరిగిన వలలు, పుల్లలు ఉన్నాయి. దేముడమ్మ వాటిని అవతల పడేసి, కొంగు బిగించి, ఇసక మీది బేసిన్‌ని రెండు చేతులతో ఎత్తింది. తెచ్చి ఇంజనీరు బూట్ల ముందు పెట్టింది.

"ఇది బుల్లమ్మ లెట్రిన్, సారూ. కింద గొయ్యి నేదు, పైపు నేదు. ఉన్నాదని సంతకం పెట్టింది నానే. రాసుకోండి."

"తెలిసే పెట్టావా అమ్మా?" అన్నాడు ఇంజనీరు.

"నమ్మి పెట్టీసాను. నమ్మీసానని సెప్పి తప్పించుకోను. నా పెద్దమ్మ అలగ కూలబడిపోయిన కాడినుంచి నాకు ముద్ద దిగట్నేదు."

అలాగే పాలెం అంతా తిప్పింది. ఒక గోడ మీద చెయ్యి వేసి తోస్తే పడిపోయింది. మురళీమోహన్ మిల్లు దగ్గరే ఉండిపోయాడు. ఆయనకి కొబ్బరిబొండాల దగ్గర పనుందట.

విచారణ జరిగింది. సంతకాలు ఎవరివో చూశారు. సర్పంచివి, సెక్రటరీవి. గణపతిరావుని ఆమదాలవలస వైపు బదిలీ చేశారు. వాళ్ల అత్తగారిల్లు అక్కడే కావడంతో సంబరపడుతూ వెళ్లాడు. దేముడమ్మని సర్పంచి పదవి నుంచి తొలగించారు. గడువు అప్పటికి మూడు నెలలే మిగిలింది. కట్టని మరుగుదొడ్ల డబ్బు ఆమె తిరిగి చెల్లించాలని నోటీసు ఇచ్చారు. బావమరిది పేరు ఏ కాగితంలోనూ లేదు. మురళీమోహన్ పేరు అసలే లేదు. చదువు లేనివాళ్ల చేతికి అధికారం ఇస్తే ఇలాగే ఉంటుందని ఆయన మండల సమావేశంలో బాధపడ్డాడు. ఆ ఏడే పార్టీలో జిల్లా పదవి వచ్చింది.

విచారణలో నన్నూ పిలిచారు. మీరు ఒడ్డు మీద డ్యూటీ చేశారు కదా, పాలెంలో మరుగుదొడ్లు ఉన్నాయా అని అడిగారు. నాకు అప్పటికి రిటైర్మెంటు పదకొండు నెలలుంది. నా పని ఈల ఊదడం వరకే, లోపలికి వెళ్లి చూడలేదు అని రాసిచ్చాను. అది పూర్తిగా అబద్ధం కాదు. అబద్ధం కన్నా నీచమైంది.

అక్టోబరులో తిత్లీ తుఫాను వచ్చింది. పాలెంలో పడవలు ఎగిరి సరుగుడు చెట్ల మధ్య పడ్డాయి. మిగిలిన ఆ గోడలు కూడా పోయాయి. నీళ్లు తీసిన పది రోజులకి మురళీమోహన్ నన్ను పిలిపించాడు. మరుగుదొడ్లన్నీ తుఫానుకి కూలిపోయాయని రాస్తే, మళ్లీ కట్టడానికి కొత్తగా మంజూరు తెచ్చుకోవచ్చట. అప్పుడు పాత ఫైలు మూసేస్తారు, దేముడమ్మ మీద నోటీసు కూడా పోతుంది. ఆమె ఒక్క వాంగ్మూలం ఇస్తే చాలు. "మీ మాట వింటుంది, మేష్టారూ. ఆవిడకీ మంచిదే," అన్నాడు.

సిగ్గు లేకుండా నేను పాలేనికి వెళ్లాను. ఆమెకి మంచిదే కదా అని దారంతా నాకు నేను చెప్పుకున్నాను. గుడిసె కప్పు ఎగిరిపోయి, టార్పాలిన్ కింద ఉంటున్నారు. బుల్లమ్మ ఓ మూల పడుకుని ఉంది. గంగులు తుఫాను కబురు విని వీరావల్ నుంచి వచ్చి, కప్పుకి తాళ్లు కడుతున్నాడు. నేను చెప్పింది విని, సంతకం పెట్టీసి వదిలించుకోమని అతనే ముందు అన్నాడు.



"అవి తుఫానుకి పడిపోనేదు, మేష్టారూ. ఉంటే కదా పడిపోడానికి," అంది దేముడమ్మ.

"నోటీసు పోతుంది."

"పోతాది. రేపు మళ్లీ మూడు గోడలు కడతారు. మళ్లీ ఇంకో ముసిల్దాని మీద మీరు ఈల ఊదుతారు."

తిరిగి వచ్చేశాను. నాలుగో రోజున పాలెం వార్డు మెంబరు జోగయ్య చేత ఆ వాంగ్మూలం రాయించుకున్నారు. అతని ఇంటికి రెండు టార్పాలిన్లు ఎక్కువ వచ్చాయి. మరుగుదొడ్లు తుఫానులో ధ్వంసమయ్యాయని రాసుకున్నారు. కొత్త పని మంజూరైంది. బావమరిదే చేశాడు. దేముడమ్మ వాంగ్మూలం ఇవ్వలేదు గనుక ఆమె మీద నోటీసు మాత్రం అలాగే ఉంది. బుల్లమ్మ ఆ చలికాలంలోనే పోయింది.

నేను రిటైరయ్యాక, రెండువేల పంతొమ్మిది వేసవిలో, ఒకరోజు ఉదయం నరసన్నపేటలో ఆటో స్టాండు దగ్గర దేముడమ్మ కనిపించింది. ఇక నాకు ఉద్యోగ భయం లేదు. జరిగిందంతా పెద్ద ఆఫీసుకి ఉత్తరంగా రాస్తాను, నా పేరు పెట్టి రాస్తాను, అవసరమైతే వచ్చి చెబుతాను అన్నాను. చాలా రోజుల నుంచి కూడగట్టుకున్న మాటలు అవి.

"రాయండి," అంది. నా మొహం కూడా చూడలేదు. ఆటోలోంచి తట్ట దించుకునే హడావిడిలో ఉంది. కవల చేపలు, మీద ఐసు, గోనెపట్టా. బజారుకి అప్పటికే ఆలస్యమైంది.

"కొంచెం ఎత్తండి, మేష్టారూ."

తట్టకి ఒక పక్క పట్టుకుని ఆమె తల మీదికి ఎత్తాను. చేపల నీళ్లు నా చొక్కా మీద కారాయి. ఆమె మెడ సర్దుకుని, బస్సుల మధ్య నుంచి బజారు వైపు గబగబా నడిచి వెళ్లిపోయింది.