ఒక చుక్క నీలం

తన పెయింట్ల కొట్లో ఆయన చేసిన చివరి పని, కలిపిన రంగును అట్టముక్కకు రాసి ఉఫ్‌మని ఊదడం. "తడి మీద చూసి మురిసిపోకే, ఆరనీ," అని కూతురితో రోజూ అనే మాటే అని, వెళ్లి కుర్చీలో కూర్చున్నాడు. మళ్లీ లేవలేదు. డెబ్బై రెండేళ్లు, బాధపడకుండా పోయాడు.

గోడ పెచ్చు ఒకటి తెచ్చిస్తే చాలు, తెల్ల పెయింటు డబ్బాలో రంగులు చుక్క చుక్కగా వేస్తూ అచ్చం ఆ రంగే దించేవాడు. ఎదురు కొట్లో రంగులు కలిపే మిషన్ పెట్టినా జనం ఈయన్నే వెతుక్కుంటూ వచ్చేవారు.

ఆరేళ్ల కిందట పెయింటర్ మేస్త్రీ రెండు అట్టముక్కలు తెచ్చి బల్లమీద పడేశాడు.

"ఏంటి పెద్దాయనా, మొన్నటి డబ్బా నీలం, ఇవాళ్టిది పచ్చ. సగం గోడకి పాచి పట్టినట్టుంది!"

"పాచి నీ కళ్లకి పట్టింది. రెండూ ఒకటేగా!"

ఒకటి కావని కూతురికి కనిపిస్తూనే ఉంది. మర్నాడు కంటాసుపత్రికి బయల్దేరదీసింది.

"పేపరు గడగడా చదువుతున్నాను. నాకేం రోగమే?"

"షుగరుంటే ఏటా చూపించుకోవాలట. పద నాన్నా."

కంట్లో చుక్కలు వేసి చూసిన డాక్టరమ్మ, షుగరు వల్ల కంటి వెనక సన్నటి రక్తనాళాలు పాడయ్యాయంది. నొప్పి పుట్టదు, చూపు తగ్గేదాకా తెలియదు. లేజర్‌తో చూపు నిలిచింది. రంగుల తేడా పట్టే శక్తి మాత్రం పూర్తిగా తిరిగి రాకపోవచ్చని కూతురిని పక్కకు పిలిచి చెప్పింది.

కలపడం మాన్పిస్తే మనిషి దక్కడని కూతురి భయం. అందుకని ఆయన చేతులు కడుక్కోవడానికి వెళ్లినప్పుడు గబుక్కున ఒక చుక్క నీలం వేసి కలిపేసేది. మళ్లీ ఏ మేస్త్రీ నోరెత్తలేదు. ఆయన మీసం దువ్వుకుంటూ, "చూశావా, చెయ్యి తిరిగినవాడి పని!" అనేవాడు. ఆమె నవ్వు ఆపుకునేది.

దినాలయ్యాక, ఆయన ఇక పరీక్షకు రాడని చెప్పడానికి ఆమె కంటాసుపత్రికి వెళ్లింది. ఏటా ఆయన కంట్లో చుక్కలు వేసే నర్సు కళ్లొత్తుకుంది.

"నీలం నాకు ఆనడం లేదమ్మా అని ఎప్పుడో చెప్పారు. మీరు దొంగచాటుగా సరిచేస్తున్నారని కూడా. ఎక్కువైతే తీయలేం కదా, అందుకని కావాలనే ఓ చుక్క తక్కువేసి చేతులు కడుక్కోవడానికి వెళ్తున్నానన్నారు."