ఎదురుకాళ్ళదాని నడుము

ఎదురుకాళ్ళతో పుట్టడం నేను కోరి చేసిన పని కాదు. అయినా సగం జీవితం దాని ఫలితం నేనే అనుభవించాను. కాళ్ళు ముందుగా బయటపడి పుట్టినవాళ్ళు తంతే, పట్టేసిన నడుము వదులుతుందని మా వైపు నమ్మకం. తెల్లవారగానే, పరగడుపున, ఎడమకాలితో మూడు తన్నులు. డబ్బు తీసుకోకూడదు, కాదని పంపకూడదు. కుప్పం దగ్గర మా ఊళ్ళో ఐదేళ్ళ వయసు నుంచే నాకు ఈ ఉద్యోగం. అమ్మ లేపితే నిద్రకళ్ళతో బయటికి వచ్చేదాన్ని. అరుగు మీద ఎవరో ఒకరు బోర్లా పడుకుని ఉండేవాళ్ళు. తన్ని, లోపలికి వెళ్ళి మళ్ళీ పడుకునేదాన్ని.

పెళ్ళయి పుంగనూరు వైపు వచ్చాక ఆ పీడ వదిలిందనుకున్నాను. కానీ మా అత్త నేను కాపురానికి రాకముందే ఊరంతా చాటి పెట్టింది. నేను బడిలో పిల్లలకు చదువు చెబుతానన్న సంగతి ఎవరికీ పట్టలేదు. వాళ్ళకు నేను తన్నే కోడలిని, అంతే.

తొంభైల చివర్లో నా నడుమే పోయింది. అప్పట్లో బడికి వచ్చే పిల్లలకు నెలనెలా బియ్యం కొలిచి ఇచ్చేవాళ్ళం. ఒకరోజు మూట పక్కకు జరుపుదామని వంగాను, ఇక లేవలేకపోయాను. నలుగురు పట్టుకుని ఇంటికి తెచ్చారు. "నడుములు తన్నేదానికే నడుము పట్టిందంట" అని ఊరంతా ఒకటే నవ్వు. చుట్టుపక్కల ఇంకో ఎదురుకాళ్ళ మనిషి ఉన్నారేమోనని కొందరు నిజంగానే వెతికారు కూడా.

మదనపల్లెలో డాక్టరు స్కానింగు ఫిల్ము వెలుతురుకు పట్టి చూసి, డిస్కు జరిగి నరాన్ని నొక్కుతోందన్నాడు. అప్పటికే నా ఎడమ పాదం మొద్దుబారింది. ఆరు వారాలు ఫిజియోథెరపీ చేసి చూద్దాం, పాదానికి స్పర్శ రాకపోతే బెంగళూరుకు పోయి ఆపరేషన్ చేయించుకోవలసిందే అన్నాడు. ఆపరేషన్ తర్వాత ఇక నడవనేమో, బడికి పోలేనేమో అని ఒకటే భయం. అత్త అప్పటికి పోయింది. ఇల్లు చూసుకోవడానికి అమ్మ కుప్పం నుంచి వచ్చింది.

వారానికి మూడు రోజులు అమ్మా నేనూ బస్సులో మదనపల్లెకు పోయేవాళ్ళం. నడుము నొప్పివాళ్ళకు వైద్యం చేసే గది మేడ మీద పెట్టిన మహానుభావుడెవరో గానీ, ఆ ఇరవైరెండు మెట్లూ ఎక్కుతూ అతణ్ణి నోరారా తిట్టేదాన్ని. పైన ఫిజియోథెరపిస్టు వేడి కాపడం పెట్టేవాడు, నడుముకు సన్నగా కరెంటు పెట్టేవాడు, తర్వాత వ్యాయామాలు చేయించేవాడు. వెల్లకిలా పడుకుని, మోకాళ్ళు మడిచి, నడుము పైకెత్తి పది లెక్కపెట్టాలి. ఇంట్లో రోజుకు రెండుసార్లు ఇదే. ఇంత చిన్న పనితో డిస్కు ఎలా దారికొస్తుందో నాకు అర్థం కాలేదు. అయినా భయంతో చేశాను.

"మేడమ్, ఒంటికి కుదుపు తగిలే పనులేమైనా చేస్తాండారా?" అని అతను మొదటి వారమే అడిగాడు. నిజం చెప్పాను. "ఒంటికాలి మీద నిలబడి జాడించి తన్నేదా? రేపట్నుంచి ఎవుర్నీ తన్నొద్దు. దేవుడొచ్చి పడుకున్నా సరే" అన్నాడు.

దేవుడు రాలేదు. రామసముద్రం నుంచి ఒక రైతు వచ్చాడు. అప్పటికి మూడు వారాలయింది, బొటనవేలికి చిమచిమలాడే స్పర్శ వస్తోంది. తలుపు తీసేసరికి గడప ముందు బోర్లా పడుకుని ఉన్నాడు. నా సంగతి చెప్పి చూశాను, బతిమాలాను, అరిచాను.

"నువ్వు తన్నేదాకా నేను లేసేది లేదు తల్లీ. రెండు బస్సులు మారి వచ్చుండా" అన్నాడు నేలలోకి మొహం పెట్టుకుని.

"మూడు తన్నులే కదా పాపా. అంత దూరం నుంచి వచ్చిన మనిషిని యాల పంపించేస్తావు?" అని అమ్మ వంత పాడింది.

ఒళ్ళు మండిపోయి తన్నాను. మూడో తన్నుకు నా కాలు మడతపడి, అతని పక్కనే కూలబడ్డాను. అతను మాత్రం లేచి, నడుము అటూ ఇటూ తిప్పి చూసుకుని, "సల్లగుండమ్మా" అని దీవించి వెళ్ళిపోయాడు. నా పాదం మళ్ళీ మొద్దుబారింది. మూడు వారాల కష్టం బూడిదలో పోసిన పన్నీరు. కోపమంతా అమ్మ మీద చూపించాను. "నీకు నడుము నొప్పంటే ఏందో తెలుసా? తెలిసుంటే ఆ మాట అనుండవు" అని అరిచాను. అమ్మ బిందె తీసుకుని కొళాయి దగ్గరికి పోయింది.

ఫిజియోథెరపిస్టు చీవాట్లు పెట్టి మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టాడు. ఇంకో రెండు వారాలకు స్పర్శ తిరిగొచ్చింది. ఆరో వారం చివర డాక్టరు పాదం గీకి చూసి, ఆపరేషన్ అక్కర్లేదన్నాడు. ఆ సంతోషంతో మేడ మెట్లు తిట్టకుండా ఎక్కాను.

ఆరోజు ఫిజియోథెరపిస్టు బరువులు ఎలా ఎత్తకూడదో నాకు చూపిద్దామని, అమ్మను ఊరికే బకెట్టు ఎత్తమన్నాడు. అమ్మ వంగింది. పైకి లేవలేదు. గోడ పట్టుకుని, పళ్ళు బిగించి, కొంచెం కొంచెంగా లేచింది. అతను ఆమెను పడుకోబెట్టి వీపు నొక్కి చూస్తే కేక పెట్టింది.

"ఎన్నాళ్ళుగా ఉండాదమ్మా ఇది?"

"దీన్ని కన్నప్పట్నుంచి సారూ. కాళ్ళు ముందొచ్చినాయి కదా, మూడు దినాలు పట్టింది. అప్పుడు పోయిన నడుము."

మెట్లు దిగేటప్పుడు నేను ఉండబట్టలేకపోయాను. "ఊరోళ్ళందర్నీ తన్నినానే! నాకు ఒక్క మాట యాల సెప్పలేదు?"

"సెప్తే నీతో తన్నించుకోమంటారని" అంది అమ్మ, రెయిలింగు పట్టుకుని ఒక్కో మెట్టూ దిగుతూ. "కన్నతల్లిని కాలితో తంతే ఆ పాపం నీకు తగలదా?"

ఆరు వారాలు నా ఇంట్లో నీళ్ళు మోసింది, రుబ్బింది, బట్టలుతికింది ఆ నడుముతోనే. నేను చాప మీద పడుకుని పది లెక్కపెడుతుంటే పక్కనే వంగి ఇల్లు ఊడ్చింది. నా మీద నాకే అసహ్యం వేసింది. ఆమె మీద అంతకంటే ఎక్కువ కోపం వచ్చింది.

ఇంటికి రాగానే చాప పరిచి పడుకోమన్నాను. సిగ్గుపడింది, ఇంకా పొయ్యి ముట్టించలేదంది. బలవంతాన పడుకోబెట్టి, మోకాళ్ళ మీద కూర్చుని ఆమె పాదాలు రెండూ గట్టిగా పట్టుకున్నాను. నడుము జానెడు ఎత్తి వణికింది.

"సాల్లే పాపా, వంగొద్దు. నీ నడుము జాగర్త" అంది.

"నోరు మూసుకుని పది లెక్కపెట్టు" అన్నాను ఏడుస్తూ.