వోబాన్ గారు అనేవారు

మా రామ్మోహనరావు గారు సొంత మాట మాట్లాడరు. ఏం చెప్పాలన్నా "వోబాన్ గారు అనేవారు" అని మొదలుపెడతారు. గోడ గురించైనా అంతే, గోంగూర పచ్చడి గురించైనా అంతే.

అమీర్‌పేటలో కోచింగ్ సెంటర్ల సందులో నాది జిరాక్స్ షాపు. షాపు పైన రెండో అంతస్తులో ఆయనా, ఆయన భార్య వసుమతి గారూ ఉంటారు. ప్రభుత్వంలో ఇంజనీరుగా చేసి రిటైరై పదమూడేళ్లయింది. ఈ వోబాన్ గారు ఆయన పాత చీఫ్ ఇంజనీరై ఉంటారని మా సందులో సగంమంది నమ్మకం. నేనూ ఏడాదిపాటు అదే నమ్మాను. ఓసారి మర్యాదకి అడిగాను.

"వోబాన్ గారు ఇప్పుడెక్కడుంటున్నారండీ?"

"పోయారయ్యా చక్రపాణీ."

"అయ్యో! ఎప్పుడు?"

"పదిహేడు వందల ఏడులో."

ఆ తర్వాత నాకు గంటసేపు పాఠం. వోబాన్ ఫ్రాన్సు దేశస్థుడు. కలిసిరాని చిన్న జమీందారీ ఇంట్లో పుట్టాడు. కుర్రతనంలో రాజు మీద తిరగబడ్డవాళ్లతో చేరి, పట్టుబడి, చివరికి ఆ పధ్నాలుగో లూయీ రాజు దగ్గరే కోటల ఇంజనీరై, మార్షల్ హోదా దాకా ఎదిగాడు. నక్షత్రాల్లాంటి కోటలు కట్టాడు. శత్రువు కోట పట్టాలంటే సైన్యాన్ని సూటిగా తోలేవాడు కాదట. వంకర టింకరగా కందకాలు తవ్వించి, ఫిరంగిగుండు తగలకుండా మెల్లగా దగ్గరికి చేర్చేవాడట. ముసలితనంలో, పన్నులు పేదవాడి నెత్తినే ఎందుకు, దొరలు మాత్రం ఎందుకు కట్టరు అని పుస్తకం రాస్తే, దాన్ని నిషేధించారట. ఇదంతా నాకు నోటికి రావడానికి కారణం, ఆయన పుస్తకాల జిరాక్సులన్నీ నా మెషిన్లోంచే వచ్చాయి.

చదివి ఊరుకుంటే బాధ లేదు. పంజాగుట్ట చౌరస్తాలో ఆయనతో రోడ్డు దాటి చూడండి, తెలుస్తుంది. ఫ్లైఓవర్ కింద బస్సులు, ఆటోలు మీదికొస్తుంటే ఈయన నా చెయ్యి పట్టుకుని కుడికి నాలుగడుగులు, ఎడమకి నాలుగడుగులు వేయిస్తారు.

"సూటిగా పోదామండీ, గ్రీన్ పడింది!"

"సూటిగా పోయినవాడు ఫిరంగికి ఎదురు పోయినట్టేనని వోబాన్ గారు అనేవారు."

అవతలి గట్టు చేరేసరికి ట్రాఫిక్ పోలీసు మా ఇద్దరికీ నోటితో పెట్టిన దండం ఇక్కడ రాయలేను.

ఇంట్లోనూ ఇదే వరస. "ముట్టడిలో ఉన్న కోటలో ఉప్పు పొదుపుగా వాడాలని వోబాన్ గారు అనేవారు" అన్నారంటే పులుసులో ఉప్పెక్కువైందని అర్థం. వసుమతి గారు నెమ్మదిగా, "ఆయన్నే వచ్చి వండమనండి" అనేవారు.

ఇలా నవ్వుకుంటూ ఉండగా, పోయిన ఆషాఢంలో మా షాపు ఎదురుగా అపార్ట్‌మెంటు పని మొదలైంది. ఆ స్థలం పల్లంలో ఉంది. వెనక స్థలం పన్నెండడుగుల ఎత్తులో ఉంది. ఆ మట్టినంతా ఒక పాత రాతిగోడ ఆపుతోంది. సరిగ్గా ఆ గోడ కిందే కూలీలకి ఎనిమిది రేకుల షెడ్లు వేశారు. పాలమూరు వైపు నుంచి వచ్చిన కుటుంబాలు, పిల్లలతో కలిపి ముప్పై ఒక్కమంది.

రామ్మోహనరావు గారు మొదటిరోజే వెళ్లి, పుచ్చకాయ కొనేవాడిలా ఆ గోడని వేలితో కొట్టి చూశారు. ఆయన మొహం మారిపోయింది. సైటు ఇంజనీరు విక్రమ్ అనే కుర్రాడు. చదువు పూర్తయి రెండేళ్లే. అతన్ని పిలిచి, చాలా మర్యాదగా చెప్పారు.

"బాబూ, మట్టిని ఆపే గోడకి వెనక ఆసరా గోడలుండాలి, నీళ్లు బయటికి పోయే తూములు తెరిచి ఉండాలి అని వోబాన్ గారు అనేవారు. ఈ గోడకి మొదటివి లేవు. రెండోవి పూడిపోయాయి."

"వోబాన్ గారంటే ఏ డిపార్ట్‌మెంట్ సార్?"

"కోటలు."

విక్రమ్ భయపడ్డాడు గానీ, ఫోన్లో కాంట్రాక్టరు భయపడలేదు. "గోడ ముప్పై ఏండ్ల సంది ఉన్నది, పని కానియ్యి" అన్నాడు.

రామ్మోహనరావు గారు మర్నాడు పొద్దున్నే మూడు గాజుముక్కలు తెచ్చారు. గోడలో పైనుంచి కిందికి ఒక పగులుంది. పగులుకి అడ్డంగా మూడుచోట్ల గాజుని సున్నపు ముద్దతో అతికించారు. గోడ కదిలితే మనిషి కంటికి ఆనదు, గాజు మాత్రం ఓర్చుకోలేక పగిలిపోతుంది. అదీ సంగతి. ఆ రోజు నుంచి పొద్దున, సాయంత్రం గొడుగేసుకుని వెళ్లి గాజుల్ని చూసి రావడం ఆయన పని. షెడ్లలో ఉండే చిలకమ్మ నవ్వేది.

"సారూ, గోడకు గాజులు తొడుగుతున్నరు, చీర సుత పెడ్తరా?"

ఆయన కూడా నవ్వేవారు. మెట్లెక్కి వచ్చేటప్పుడు మాత్రం నవ్వేవారు కాదు.

ఒక గురువారం నాటికి వాన పట్టి మూడో రోజు. మధ్యాహ్నం మూడింటికి ఆయన తడిసి ముద్దయి నా షాపులోకి వచ్చారు. గొడుగు చేతిలోనే ఉంది, తెరవడం మర్చిపోయారు.

"చక్రపాణీ, కింద గాజు పగిలింది. రా."

వోబాన్ గారి పేరు లేకుండా ఆయన నాతో మాట్లాడటం అదే మొదటిసారి. మెషిన్ ఆపకుండానే పరిగెత్తాను.

వాన వల్ల పని లేదు. అందరూ షెడ్లలోనే ఉన్నారు. విక్రమ్ గోడ దగ్గర నిలబడి ఫోన్లో బతిమాలుతున్నాడు. "సార్, జర వచ్చి చూడండి సార్... గంటనా? గంట అంటే..." అంతలో మా ముగ్గురి ముందే రెండో గాజు టిక్కుమంది. చిన్న చప్పుడు. పెన్సిలు ముల్లు విరిగినట్టు. విక్రమ్ ఫోను జేబులో పెట్టేశాడు.

"తరిమేద్దాం!" అన్నాను నేను.

"వద్దు. దారి మూరెడు వెడల్పే. అరిస్తే పిల్లలు తొక్కిసలాటలో పడతారు. దారికి దగ్గరున్న షెడ్డు ముందు, చివరిది చివర. విక్రమ్ బాబూ, నువ్వు చెప్పు. నీ మాటైతేనే వింటారు. గోడ దగ్గర నేనుంటాను."

అంటూ పోయి, ఆ గోడ కిందే ఒక ఇటుకల దొంతర మీద కూర్చున్నారు, మూడో గాజుకి మూరెడు దూరంలో. విక్రమ్ ఒక్క క్షణం ఆయన వైపు చూసి, గొంతు సవరించుకుని పిలవడం మొదలుపెట్టాడు. ఒక్కో షెడ్డు ఖాళీ అవుతోంది. చంకలో పిల్లలు, నెత్తిన మూటలు. నేను దారి దగ్గర నిలబడి లెక్కపెడుతున్నాను. ఇరవై ఆరు, ఇరవై ఏడు, ఇరవై ఎనిమిది, ఇరవై తొమ్మిది.

ఆఖరి షెడ్డులో చిలకమ్మ కదల్లేదు. "మా ఆయనకు జరం. లేస్తలేడు. నేనొక్కదాన్ని యాడికి పోవాలె?"

విక్రమూ నేనూ లోపలికి దూరాం. ఆమె భర్త బుచ్చయ్య ఆరడుగుల మనిషి, ఒళ్లు పెనంలా కాలిపోతోంది. దుప్పటితో సహా చెరో పక్కా ఎత్తాం. బురదలో నా చెప్పులు కూరుకుపోయాయి, వదిలేశాను. వెనక నుంచి రామ్మోహనరావు గారి గొంతు, ఏదో క్లాసులో పాఠం చెబుతున్నట్టు, "తొందర లేదు... జారకండి... బాగానే ఉంది..." అని వినిపిస్తూనే ఉంది. బాగా లేదు. ఆయన మాటల మధ్య రాళ్లు ఒరుసుకుంటున్న చప్పుడు నాకు స్పష్టంగా వినిపిస్తోంది.

రోడ్డు మీదికి చేరి వెనక్కి తిరిగాను. "ముప్పై ఒకటి! వచ్చెయ్యండి!" అని గొంతు చించుకున్నాను.

డెబ్బై ఒక్కేళ్ల మనిషి లేచారు. వంకర లేదు, టింకర లేదు. బాణంలా సూటిగా పరిగెత్తారు. ఆయన రోడ్డెక్కిన తర్వాత నాలుగు ఊపిర్లు తీసుకుని ఉంటాను. గోడ నడుము దగ్గర ఉబ్బి, మెల్లగా కూర్చున్నట్టు కూలింది. వెనక మట్టి మొత్తం షెడ్ల మీదికి దిగింది. రేకులు కాగితాల్లా ముడుచుకున్నాయి. చిలకమ్మ బుచ్చయ్య తల ఒళ్లో పెట్టుకుని గట్టిగా ఏడ్చింది.

సాయంత్రం అధికారులొచ్చారు. "జనాన్ని ఖాళీ చేయించింది ఎవరు?" అని అడిగారు.

"ఈ అబ్బాయి. సైటు ఇంజనీరు విక్రమ్. కాంట్రాక్టరు గంట ఆగమన్నా ఆగలేదు" అన్నారు రామ్మోహనరావు గారు.

విక్రమ్ నోరు తెరిచాడు. ఈయన అతని భుజం నొక్కారు. నాకు ఒళ్లు మండింది. షాపులోకి వచ్చాక నిలదీశాను.

"రోజూ తడుస్తూ గాజులు చూసింది మీరు. పేరు వాడికా?"

ఆయన తుండుగుడ్డతో తల తుడుచుకున్నారు. తర్వాత అన్నారు.

"వాడు రేపు ఇంకో గోడ దగ్గర నిలబడాలి కదా. ఇవాళ తల దించుకుంటే, రేపు తలెత్తి గోడవైపు చూడడు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక మేస్త్రిని పదిమందిలో 'నీకు గోడ కట్టడం రాదు' అన్నాను. నేనన్నది నిజమే. ఆయన మర్నాటి నుంచి రాలేదు. మళ్లీ తాపీ ముట్టుకోలేదని తర్వాత తెలిసింది. అప్పుడు వెతుక్కున్నానయ్యా ఈ వోబాన్ గారిని. తప్పు నేను చెబితే ఎదుటివాడికి రోషం. మూడొందల ఏళ్ల కిందట పోయినాయన చెబితే ఎవరికి రోషం?"

"అయితే ఆయన అన్నవన్నీ..."

"గోడ సంగతి ఆయనదే. ఉప్పు సంగతి నాది."

"వసుమతి గారికి తెలుసా?"

"పెళ్లయిన వారానికే తెలిసిపోయింది."

షెడ్ల వాళ్లందరికీ మా సందులోనే మూతపడిన ఒక కోచింగ్ సెంటరు హాల్లో చోటు దొరికింది. బుచ్చయ్య కోలుకున్నాడు. బల్కంపేటలో ఎల్లమ్మకి బోనం ఎత్తిన రోజున చిలకమ్మ, పసుపు మొహంతో, చేతిలో టిఫిన్ డబ్బాతో ఆయనింటికి వచ్చింది. నేనూ అక్కడే ఉన్నాను.

"సారూ, బోనం బువ్వ, కోడికూర తెచ్చిన. మీకు కాదు, మీ పెద్దసారుకు."

రామ్మోహనరావు గారు ఇబ్బందిగా కదిలారు. "అమ్మా, వోబాన్ గారు... ఆయన లేరమ్మా."

"ఎరికే సారూ. విక్రమ్ సారు చెప్పిండు, ఫోన్ల బొమ్మ సుత చూపిచ్చిండు. మస్తు జుట్టున్నది. అయితేంది? పోయినోళ్లకు మేం బువ్వ పెట్టమా?"

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. వసుమతి గారు లోపల్నుంచి విస్తరాకు తెచ్చి పరిచారు. చిలకమ్మ అన్నం వడ్డించి, కూర వేసి, చెయ్యి ఆపింది.

"గీ పెద్దసారు కల్లు తాగుతుండెనా?"

రామ్మోహనరావు గారు పుస్తకాలన్నీ మనసులో తిరగేస్తున్నారని నాకు తెలుస్తోంది. ఇన్నేళ్లలో ఆ పెద్దమనిషి పేరు మీద ఎన్ని మాటలు చెప్పారో గానీ, ఇంత ఆలోచించి చెప్పడం నేను చూడలేదు.

"తాగరని ఎక్కడా రాయలేదమ్మా" అన్నారు.

చిలకమ్మ కొంగు చాటు నుంచి సీసా తీసింది.