శివలీల కొలిచే చెయ్యి

కర్నూలులో మా హర్షిణి పన్నెండు రోజులు ఐసీయూలో ఉంది. ఆరేళ్ల పిల్ల. సూది గుచ్చిన నరమల్లా చిట్లిపోతుంటే, డాక్టర్లు మోచేతి పైనుంచి గుండె దగ్గరి దాకా ఒక సన్నని గొట్టం పంపారు. పిక్ లైన్ అంటారు దాన్ని. మందులన్నీ అందులోంచే. నేను బయోకెమిస్ట్రీ చదివినదాన్ని. గొట్టం చుట్టూ రక్తం గడ్డకట్టవచ్చని, కడితే చెయ్యి వాస్తుందని తెలుసు. తెలియకపోతే కాస్త నిద్రయినా పట్టేదేమో.

శివలీల ఆ వార్డు నర్సు. ఆదోని పక్క పల్లె. పత్తి చేలల్లో కూలికి పోయి చదివించారు తల్లిదండ్రులు. డ్యూటీకి వస్తూనే దర్జీల టేపు తీసి, పాప దండచేతిని ఒకే చోట కొలిచి అంకె రాసుకునేది. రోజుకొకసారి కొలిస్తే చాలు. ఆమె మూడుసార్లు కొలిచేది.

"రవిక ఏమన్నా కుడతాండావా సిస్టరమ్మా?" అంది మా అత్త.

"కుడతా అవ్వా, కొలత మారకుంటే చాలు."

మూడో రోజు మా అత్త దర్గాలో మంత్రించిన నల్లదారం తెచ్చి గొట్టం ఉన్న చేతికే కట్టబోయింది. శివలీల చటుక్కున ఆమె మణికట్టు పట్టుకుంది.

"ఈ చేతికి వద్దవ్వా. కాలికి కట్టు."

ఎందుకని తర్వాత వరండాలో అడిగాను. నాలుగేండ్ల కింద ఇదే వార్డులో అయ్యన్న అని కోయిలకుంట్ల రైతు ఉండేవాడట. భార్య గిడ్డమ్మ గొట్టం పెట్టిన చేతికే ఇట్లాంటి దారం కట్టింది.

"డాక్టరు చూస్తే తెంపేస్తాడని శానా ఏడ్చిందక్కా. మా అమ్మ గుర్తొచ్చింది నాకు. పైన కట్టు చుట్టి దాచినా."

ఆ కట్టు కిందే చెయ్యి వాచింది. రెండు రోజులు ఎవరికీ కనపడలేదు. గడ్డ ఊపిరితిత్తుల్లోకి పోయింది.

"శవాన్ని తీసుకపోతా గిడ్డమ్మ నాకు దండం పెట్టింది, దారం తెంపనీలేదని. ఇప్పుడు ఎవరి చెయ్యి పట్టుకున్నా ఆయప్ప చెయ్యి మాదిరే బరువుగా ఉంటాది."

ఎనిమిదో రోజు పొద్దున హర్షిణి చెయ్యి చుట్టుకొలత ఒక సెంటీమీటరు పెరిగింది.

"ఒక్క సెంటీమీటరే కదా, రేపు చూద్దాం," అన్నాడు డ్యూటీ డాక్టరు.

"ఇప్పుడే స్కాన్ రాయండి సార్. రాసేదాకా ఈడనే ఉంటా," అంది శివలీల.

ఆమె డ్యూటీ అయిపోయి గంటయింది. కదల్లేదు. చివరికి రాశాడు. నరంలో చిన్న గడ్డ మొదలై ఉంది. రక్తం పలచబడే మందు ఆ పూటే మొదలుపెట్టారు. నాలుగు రోజులకు వాపు దిగి, పాపను మామూలు వార్డుకు మార్చారు.

వెళ్లేముందు శివలీలతో అన్నాను: "ఏ దారమూ లేకుండానే మా పాపకు గడ్డ వచ్చింది. అయ్యన్నకూ గొట్టం వల్లనే వచ్చి ఉండొచ్చు కదా?"

ఆమె పాప చేతిని మరోసారి కొలిచి అంకె రాసుకుంది.

"వచ్చిండొచ్చక్కా. దారం సంగతి నాకు తెల్దు. కట్టు చుట్టింది మాత్రం నేనే."