రేడియోలో నేను చదివిన సముద్రం కథ

ఆ రోజుల్లో మా విశాఖపట్నంలో కథలు రాసే కుర్రాళ్ళందరం ఒక భాష మాట్లాడేవాళ్ళం, ఇంకో భాష రాసేవాళ్ళం. అందులో వింత ఉందని ఎవరికీ తోచేది కాదు. ఎనభైల మొదట్లో నేను హార్బరు దగ్గర ఓ క్లియరింగ్ ఏజెంటు ఆఫీసులో గుమాస్తాని. పగలంతా లారీ డ్రైవర్లతోనూ రేవులో మూటలు మోసే కలాసీలతోనూ “ఏటి”, “నేదు”, “ఎల్తన్నాను” అంటూ గడిపేవాణ్ణి. సాయంత్రం కాగితం ముందు కూర్చుంటే మాత్రం నా కథానాయకుడు “నీ నిర్ణయం మార్చుకోలేవా?” అని హీరోయిన్ని అడిగేవాడు. వాడిది గోపాలపట్నమే, వాళ్ళ నాన్న సంతలో వంకాయలు అమ్మేవాడు, అయినా అలాగే అడిగేవాడు. నేను చదివిన పుస్తకాల్లో అందరూ అలాగే అడిగేవారు మరి. మా ఇంట్లో మాటలు కాగితం మీద పెట్టడమంటే బురద కాళ్ళతో పెళ్ళిపీటల మీద కూర్చోవడంలా ఉండేది నాకు.

ఆ పుస్తకాలైనా కొని చదివినవి కావు. పాత ఊళ్ళో మా అందరికీ కావలసిన ఓ భాయ్ బైండింగు షాపు ఉండేది. వారపత్రికల్లో వచ్చే సీరియళ్ళని ఆడవాళ్ళు వారం వారం చింపి దాచి, ముగిశాక ఆయన దగ్గర బైండు చేయించుకునేవారు. బైండింగు అయ్యాక, ఆ పుస్తకం సొంతదారు వచ్చి పట్టుకుపోయే లోపల మేం చదివేసేవాళ్ళం. (ఒక్కోసారి కాగితాలు ముందువెనుకలయ్యేవి. ఓ నవలలో కథానాయకుడు చచ్చిపోయి, ఆ తర్వాత ప్రేమలో పడ్డాడు. అది కొత్త ప్రయోగమనుకుని మేం రెండు ఆదివారాలు చర్చించాం.) భాయ్ కూడా ప్రతి పుస్తకం చదివేవాడు. ఆయన కుట్టే బల్ల చుట్టూ ఆదివారాలు మధ్యాహ్నం పూట మా సభ. మా అందరికీ పెద్ద దిక్కు ఓ తెలుగు మేష్టారు. కృష్ణాజిల్లా నుంచి బదిలీ మీద వచ్చి ఇక్కడి హైస్కూల్లో చెప్పేవారు. ఆయన నోట తెలుగు వింటుంటే అచ్చయిన పేజీ చూస్తున్నట్టుండేది.

ఇలా ఉండగా నా కథ ఒకటి రేడియో వాళ్ళు తీసుకున్నారు. యువకుల కార్యక్రమంలో, రచయితే స్వయంగా వచ్చి చదవాలని కబురు. కథ పేరు “సముద్రం చెప్పని సంగతి”. భీమిలి ఒడ్డున సీతాలు అనే పిల్ల. ఆమెకి చంద్రం అనే పడవవాడి మీద ప్రేమ. చంద్రం సాయంకాలం వస్తాడు, తెల్లారేసరికి వెళ్ళిపోతాడు. ఇసకలో కూర్చున్న ఆమె పాదాలు నీళ్ళతో కడుగుతాడు. ఒకనాడు సముద్రం అతన్ని మింగేస్తుంది. సీతాలు మాత్రం రోజూ ఒడ్డున నిలబడి చూస్తూనే ఉంటుంది. (ఈ కథలో సూర్యుడు సముద్రంలో అస్తమిస్తాడు. భీమిలిలో సూర్యుడు సముద్రంలోంచి ఉదయిస్తాడని నాకు తెలియక కాదు. పుస్తకాల్లో అస్తమించేవాడు.)

భాయ్ షాపులో రిహార్సలు పెట్టాం. నేను గొంతు సవరించుకుని మొదటి పేజీ చదివేసరికి మేష్టారు చెయ్యెత్తి ఆపారు.

“నాయనా, కథ పేరు మళ్ళీ అను.”

“సముద్రం సెప్పని సంగతి.”

“సెప్పని కాదు నాయనా, చెప్పని.”

“అదే కదండీ అంటన్నాను, సెప్పని అని.”

భాయ్ సూది పక్కన పెట్టి కిటికీలోంచి బయటికి చూశాడు. నేను చకారం పలకనన్న సంగతి అప్పటిదాకా నాకు నిజంగా తెలియదు. రాసేటప్పుడు చక్కగా ‘చ’ అని రాసేవాణ్ణి, చదివేటప్పుడు నా నోరు దాన్ని మా ఊరికి తీసుకుపోయేది. జిల్లాలు జిల్లాలు వినే రేడియోలో ఇలా చదివితే రచయితగా నా పని సరి అని మేష్టారు అనలేదు గాని, ఆయన నుదురు అదే చెప్పింది. నాకు అన్నం సయించలేదు. అప్పటికి నా కథలు తిరిగి రావడమే తప్ప ఎక్కడా నిలిచిన పాపాన పోలేదు. నిలిచిన ఒక్కటీ ఇలా నా నోట్లో పడి నాశనమవుతుందా అని దిగులు పట్టుకుంది.

మేష్టారు ఓ ఉపాయం చెప్పారు. “నీ నాలుక సకారం వైపు జారుతోందని అనుమానం రాగానే, పట్టుకుని చకారం వైపు లాగు. అంతే.” బంగారంలాంటి సలహా. నేను దాన్ని అమల్లో పెట్టిన తీరే బాగాలేదు. అప్పట్లో నేను గోపాలపట్నంలో మా అక్క ఇంట్లో ఉండేవాణ్ణి. పొద్దున్నే గడ్డం గీసుకుంటూ అద్దంలో చూసుకుని “చేప, చీర, చూపు, చెంప” అనుకునేవాణ్ణి. మా బావ పోర్టు వర్క్‌షాపులో ఫిట్టరు. (మా వైపు మొగాళ్ళు ఒకళ్ళనొకళ్ళు బావా అనే పిలుచుకుంటారు. ఆయనా నన్ను బావా అనేవాడు.) తలుపు దగ్గర నిలబడి చోద్యం చూసేవాడు.

“ఏటి బావా, అద్దంతో మాటాడతన్నావు?”

“సాధన చేస్తున్నాను.”

“గెడ్డం గీసుకోడానికి సాధనేటి బావా! సూసుకో, సెంప తెగిపోగల్దు.”

“చెంప” అన్నాను నేను. తెగింది కూడా.

నాలుగు రోజులకే ఆ సాధన ఫలించడం మొదలుపెట్టింది. భోజనాల దగ్గర “అక్కా, కొంచెం చాంబారు పొయ్యి” అన్నాను. అక్క గరిటె గాల్లోనే ఆపి, “చాంబారేట్రా, ఒంట్లో బాగుందా?” అంది. ఆఫీసులో మా మేనేజరుగారి ముందు కాగితాలు పెట్టి “చార్, చంతకం” అన్నాను. ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు. ఆదివారం షాపు మెట్లెక్కుతూ భాయ్‌ని పలకరించాను.

“అరే భాయ్,” అన్నాడాయన, “మీరిప్పుడు నాకు చలాం అన్నారు.”

“సలామే అన్నాను భాయ్. మీకు అలా వినిపించింది.”

“కావచ్చు” అన్నాడాయన మర్యాదగా. ఎవరితోనూ వాదించే మనిషి కాదు. మేష్టారు మాత్రం తను రాసిచ్చిన జాబితాలోని చకారాలన్నీ నేను గడగడా అప్పజెప్పడం విని, వీపు తట్టి పంపించారు.

రికార్డింగు రోజున ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్ళాను. రేడియో స్టేషన్లో ఓ మేడమ్ నన్ను మెత్తటి గోడల గదిలో కూర్చోబెట్టి, మైకుకి ఎంత దూరంలో ఉండాలో చెప్పి, అద్దం అవతల గదిలోకి వెళ్ళారు. అక్కడ రికార్డు చేసే ఒకాయన ఉన్నాడు. ఎర్ర దీపం వెలిగింది. ఆ దీపం చూడగానే నా నాలుకకి ఎటు జారాలో, ఎటు లాగాలో తెలియకుండా పోయింది. నేను మాత్రం అంతా బ్రహ్మాండంగా సాగుతోందనుకున్నాను. రెండో పేజీ మధ్యలో తలెత్తి చూస్తే అద్దం అవతల మేడమ్ పమిట చెంగు మొహానికి అడ్డం పెట్టుకున్నారు. భుజాలు కదులుతున్నాయి. సముద్రం చంద్రాన్ని మింగేసే చోటికి వచ్చేసరికి ఆ రెండో ఆయన తల బల్ల మీద ఆన్చేశాడు. నా గుండె ఉప్పొంగింది. నా విషాదానికి ఇంత శక్తి ఉందని నేనూ అనుకోలేదు. ఆఖరి వాక్యాలు నేను కూడా కాస్త గద్గదంగా చదివాను.

మేడమ్ కళ్ళు తుడుచుకుంటూ వచ్చారు. “ఇలా... ఇలా ఇంతవరకు ఎవరూ చదవలేదండీ. కొన్ని చోట్ల మాత్రం మళ్ళీ చదువుతారా?”

“ఆ ఉద్వేగం మళ్ళీ రాదండీ” అన్నాను.

ఆవిడ నా మొహంలోకి చూసి, ఏమనుకున్నారో, “సరే, అలాగే ఉండనిద్దాం” అన్నారు. బయటికి వచ్చి కనబడ్డ వాళ్ళందరికీ చెప్పాను, రేడియో స్టేషన్లో ఇద్దరు వెక్కి వెక్కి ఏడ్చారని.

ప్రసారం రోజున మా అక్క ఇల్లు పెళ్ళివారిల్లులా ఉంది. పెందుర్తి అవతల మా ఊరి నుంచి అమ్మ వచ్చింది. అమ్మకి చదువు లేదు. నేను రాసేది ఏమిటో, దానికి ఇంత కాగితం ఎందుకో ఆవిడకి అప్పటిదాకా ఎవరూ చెప్పలేదు. కొడుకు మాట రేడియోలో వస్తుందంటే మాత్రం జరీ చీర కట్టుకుని వచ్చింది. మేష్టారు, భాయ్ బస్సు దిగి వచ్చారు. బావ రేడియోని కిటికీలో పెట్టి, వీధివాళ్ళకి కూడా వినబడేలా తిప్పాడు. అనౌన్సరు కథ పేరూ నా పేరూ తప్పు లేకుండా చెప్పింది. తర్వాత ఎవడో మొదలుపెట్టాడు.

“చూర్యుడు చముద్రంలోకి దిగిపోతున్నాడు. చీతాలు ఒడ్డున సేపలబుట్ట దించి, సంద్రం కోసం సూస్తోంది.”

నిజం చెబుతున్నాను, మొదటి వాక్యానికి అది నా గొంతు అనుకోలేదు. రెండో వాక్యానికి అర్థమైంది. రేడియో స్టేషన్లో వాళ్ళెందుకు కళ్ళు తుడుచుకున్నారో మూడో వాక్యానికి అర్థమైంది. బావ మొదట గోడ పట్టుకున్నాడు, తర్వాత గుమ్మం పట్టుకున్నాడు, ఆఖరికి వీధి అరుగు మీదికి పోయి కూర్చున్నాడు. మేష్టారు కళ్ళు మూసుకుని, “నేను చెప్పింది ఇది కాదు నాయనా” అని నెమ్మదిగా అన్నారు. భాయ్ నా చెవి దగ్గరికి వంగి, “ఆ రోజు చలాం నేను సరిగానే విన్నాను భాయ్” అన్నాడు. నేను లేచి రేడియో కట్టెయ్యబోయాను.

అమ్మ నా చెయ్యి మీద ఒక్కటేసింది. “ఉండెహె! ఇననీరా.”

చూస్తే అమ్మ కళ్ళ నిండా నీళ్ళు. నవ్వి నవ్వి వచ్చినవి కావు. కథ అయ్యేదాకా ఆవిడ రేడియో మీదినుంచి చూపు తిప్పలేదు. “సంద్రం వస్తాడు. చీతాలుకి తెలుసు” అని రేడియోలో నేను ముగించాను. అప్పటికి నవ్వే వాళ్ళందరూ అమ్మని చూసి ఒక్కొక్కరే ఊరుకున్నారు. అమ్మ పమిటతో ముక్కు తుడుచుకుంది.

“ఎంత పని సేసినావురా ఆ పిల్లని! సంద్రాన్ని నమ్ముకుంటే ఎలాగ బతుకుద్ది?”

మావైపు సంద్రమంటే సముద్రమే. ఆ మాట మాకందరికీ తెలుసు. నేను చంద్రాన్ని సంద్రం చేసినప్పుడు మేం నవ్వాం. అమ్మ మాత్రం ఆ కథని ఉన్నదున్నట్టుగా విన్నది. ఒక పిల్ల సముద్రాన్ని ప్రేమించింది. ఆ సముద్రం సాయంకాలం వస్తాడు, తెల్లారి వెళ్ళిపోతాడు. వచ్చినప్పుడల్లా ఆమె కాళ్ళు కడుగుతాడు. ఆటుపోట్లంటే అదే కదా మరి.

“సంద్రాన్ని వచ్చాడూ ఎల్లాడూ అన్నావేటా అనుకున్నాను,” అంది అమ్మ. “మరి ఆ పిల్లకి మొగుడు కదా, అలాగే అనాల. బాగా సెప్పినావు. గానొరే, ఆ చముద్రం ఎవుడ్రా?”

నేను మేష్టారి వైపు చూశాను.

“ఆడెవుడోగాని ఆడే ఇడదీసేసినాడు ఇద్దర్నీ. పేరే నానెప్పుడూ ఇన్నేదు. ఏ ఊరోడ్రా?”

అరుగు మీద బావ మళ్ళీ మొదలుపెట్టాడు గాని, ఈసారి మేష్టారు నవ్వలేదు, విసుక్కోలేదు. “అమ్మగారు విన్న కథ చాలా బాగుందోయ్” అన్నారు. నేను రాసిన దాని గురించి ఆయన ఏమీ అనలేదు. అడిగే ధైర్యం నాకూ లేకపోయింది. భాయ్ ఒక్కడే, “కాగితాలు ముందువెనుకలైనా కొన్ని పుస్తకాలు బాగుంటాయి” అని నా భుజం మీద చెయ్యి వేశాడు.

ఆ తర్వాత కొంతకాలం ఆఫీసులో నన్ను చార్ అని పిలిచారు. రేడియో స్టేషన్ మేడమ్ మాత్రం ఓసారి దారిలో కనబడి, సముద్రాన్ని మనిషిగా మార్చిన ఆ ఊహ శ్రోతల్లో కొందరికి తెగ నచ్చిందని చెప్పారు. కావాలనే చేశానన్నట్టు కాస్త తల పంకించాను. చాలా ఏళ్ళు కథలు రాశాను. కొన్ని అచ్చయ్యాయి. వాటిలో మనుషులు మెల్లమెల్లగా మా ఇంట్లో మాటలు మాట్లాడటం నేర్చుకున్నారు. అమ్మ విన్నంత మంచి కథ మాత్రం మళ్ళీ నా చేతికి రాలేదు.

ఆ ఏడాదే ఏదో చుట్టాల ఇంటి పని మీద అమ్మని భీమిలి తీసుకెళ్ళాను. పని అయ్యాక బస్సుకి ఇంకా టైముంటే ఒడ్డుకి వెళ్ళాం. అమ్మ ఆ పక్కకీ ఈ పక్కకీ చూసి, “ఏ కాడ నిలబడీదిరా ఆ పిల్ల?” అని అడిగింది. అలాంటి పిల్ల ఎవరూ లేదమ్మా, నేనే కల్పించాను అనబోయాను. కాని ఆరబెట్టిన వలల అవతల ఓ పాత పడవ పడి ఉంటే అది చూపించాను. అమ్మ అక్కడిదాకా నడిచి వెళ్ళి, కుచ్చిళ్ళు కాస్త ఎత్తి పట్టుకుని, ఓ కెరటం వచ్చి పాదాలు తడిపి పోయేదాకా నిలబడింది. తర్వాత వచ్చి బస్సెక్కింది.

ఆ పడవ ఇప్పుడు లేదు. వలలు ఆరవేసే చోట సిమెంటు బెంచీలు వేశారు. అటు వెళ్ళినప్పుడల్లా నేను కాసేపు ఓ బెంచీ మీద కూర్చుంటాను. అద్దం ముందు సబ్బు నురగ మొహంతో నిలబడ్డ ఆ కుర్రాడు గుర్తొస్తాడు. వాణ్ణి చూస్తే నవ్వొస్తుంది. వాడితో ఏమైనా చెప్పాలనీ అనిపిస్తుంది. కాని ఏం చెప్పినా వాడు వినే రకం కాదు.