సగం గోళీకి మేకపోతు

ఆ ఆదివారం పొద్దున మా వాకిట్లో ఉన్నవారు: అవ్వ, బాపు, అమ్మ, కొల్లాపూర్ నుంచి వచ్చిన మేనత్త, మామ. ఉన్నవి: కిరాయికి తెచ్చిన రెండు పెద్ద గిన్నెలు, ఒక కట్టెల మోపు, సగం నూరిన మసాలా, వేపచెట్టుకు కట్టేసిన నల్ల మేకపోతు. నా సంచిలో బీపీ మిషను, గోళీని సరిగ్గా నడిమికి కోసే చిన్న ప్లాస్టిక్ డబ్బా.

మేకపోతు సంగతి నాకెవరూ చెప్పలేదు. నేను చిట్యాల దగ్గర ఒక ఫ్యాక్టరీలో మోటార్ల మరమ్మతు చూస్తాను. అవ్వ నాడి చూసి పోదామని సెలవు పెట్టి మొదటి బస్సెక్కాను. దారి పొడవునా సంబరంగానే ఉంది. సంబరపడాల్సిన సంగతే.

కొన్నేళ్ల కింద అవ్వకు గుండె దడ పట్టుకుంది. థైరాయిడ్ ఎక్కువైందని తేల్చి దానికి మందిచ్చారు, దడ తగ్గడానికి గుండె వేగాన్ని తగ్గించే గోళీ కూడా పెట్టారు. థైరాయిడ్ ఎప్పుడో దారికి వచ్చింది, గోళీ మాత్రం సాగుతూనే ఉంది. ఈ మధ్య నాడి మరీ మందగించి, లేచి నిలబడితే కళ్లు తిరిగేవి. మేకల వెంట గుట్టకు పోవడం బాపు మాన్పించాడు. అవ్వకు అన్నిటికంటే అదే బాధ.

గురువారం నేనే మహబూబ్‌నగర్ తీసుకుపోయాను. డాక్టరు రిపోర్టులన్నీ చూసి, ఇక ఈ గోళీ అక్కర్లేదు, బందు చేద్దామన్నాడు. వెంటనే ఇంకో మాట కూడా అన్నాడు. ఒక్కసారిగా ఆపొద్దు, ఇన్నేళ్లు గోళీ పట్టి ఉంచిన గుండె ఒక్కసారి వదిలేస్తే ఎదురు తిరుగుతుంది. రెండు వారాలు సగం, రెండు వారాలు పావు, ఆ తర్వాతే బందు. ఈ రెండో మాట మొదలయ్యేసరికే అవ్వ దండం పెట్టి గది బయట ఉంది. బస్సులో నేను మళ్లీ వివరంగా చెప్పాను. సరే సరే అంది.

గోళీ బందైననాడు ఎల్లమ్మకు నల్ల మేకపోతును ఇస్తానని ఆమె మొక్కుకుందని నాకు ఆ వాకిట్లోనే తెలిసింది. గురువారం సాయంత్రమే బిడ్డకు ఫోన్ చేసి గోళీ బందైందని చెప్పింది. ఆదివారానికి అల్లుడు పోతును ఆటో ఎక్కించాడు.

తొందరపడ్డారు మామా, ఇంకా సగం గోళీ నడుస్తోంది కదా అన్నాను.

"సగం యాడిది? మీ అవ్వ శుక్రవారం సంది గోళీ ముట్టనే లేదు" అన్నాడు మామ.

అవ్వను కూర్చోబెట్టి చేతికి పట్టీ చుట్టాను. గురువారం దవాఖానలో నాడి యాభై రెండు. ఇప్పుడు నూట ఇరవై నాలుగు. ఛాతీలో నొప్పి ఉందా అని అడిగితే లేదంది. మరి దడ?

"నిన్నటి సంది కొట్టుకుంటనే ఉంది బిడ్డా. సంబురానికి గట్ల కొట్టుకుంటాందనుకున్న."

డాక్టరుకు ఫోన్ చేశాను. పాత లెక్క ప్రకారం పూర్తి గోళీ ఇప్పుడే వేసి కూర్చోబెట్టమన్నాడు. నొప్పి గానీ ఆయాసం గానీ వస్తే క్షణం ఆగకుండా దగ్గరి దవాఖానకు తీసుకుపోవాలి, ఏమీ లేకున్నా రేపు తన దగ్గరికి తేవాలి, తగ్గించడం మళ్లీ మొదటి నుంచి.

గోళీ అవ్వ అరచేతిలో పెట్టాను. గుప్పిట మూసుకుంది గానీ నోట్లో వేసుకోలేదు.

"మొక్కిన పోతు వాకిట్ల నిలవడ్డది. దాని ముంగట గోళీ ఎట్ల మింగుత? ఎల్లమ్మ తోని ఆటలాడినట్టు కాదా?"

"సగం గోళీకి సగం మేకనిద్దాం అత్తా. ముందటి సగమా, ఎనుకటి సగమా, నువ్వే చెప్పు" అన్నాడు మామ.

ఎవరూ నవ్వలేదు. బాపు ఆటో కోసం బయటికి నడిచాడు. నేను డాక్టరు చెప్పిందంతా వరుసగా మళ్లీ చెప్పాను. అవ్వ పోతునే చూస్తోంది. అప్పుడు అమ్మ మసాలా చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చి అవ్వ పక్కన కూర్చుంది.

"పోతును ఎల్లమ్మ పేరు మీద ఇడుద్దాం అత్తమ్మా. పసుపు వెట్టి ఇడిస్తే ఇయ్యాల్టి నుంచి అది అమ్మ సొమ్మే. కోసుడు గోళీలన్ని ఒడిసినంక."

మా వైపు అది ఉన్న ఆచారమే. దేవత పేరు మీద వదిలిన జీవం మొక్కు తీరేదాకా ఎవరి చేలో మేసినా ఎవరూ కొట్టరు. అవ్వ అమ్మ వైపు తిరిగింది.

"అంటే అమ్మకు ముట్టినట్టేనా?"

"ముట్టినట్టే" అని అత్త, మామ ఒక్కసారే అన్నారు.

అవ్వ తానే పోతు నుదుట పసుపు రాసి, బొట్టు పెట్టి, తాడు విప్పింది. ఆ తర్వాత చెంబెడు నీళ్లతో గోళీ మింగింది. వచ్చిన ఆటోను బాపు వాకిట్లోనే ఆపి ఉంచాడు. సాయంత్రానికి నాడి తొంభైకి దిగాక పంపేశాడు. మసాలా కోడిగుడ్లలోకి పోయింది.

మరునాడు ఈసీజీ తీశారు. భయం లేదని, మరో వారం నిండు గోళీ వేసి ఆ తర్వాత సగానికి దిగమన్నారు. ఆ వారాలు నాకు క్రికెట్ మ్యాచ్ చూస్తున్నట్టు గడిచాయి. రోజూ పొద్దున బాపు ఫోన్‌లో నాడి అంకె చదివేవాడు, నేను ఫ్యాక్టరీ గేటు దగ్గర నిలబడి వినేవాణ్ని. పావుకు కోస్తే గోళీ పొడి అవుతోందని డాక్టరుకు చెబితే తక్కువ పవరుది రాసిచ్చాడు. పోతు ఊళ్లో అందరి చేలూ మేసింది. మామ ప్రతి ఆదివారం ఫోన్ చేసేవాడు. పోతు తన కంటే బలిసిందట, ఇంజనీరు అల్లుడు జర జల్దీ చేయాలట.

ఆఖరి గోళీ అయిపోయాక కూడా రెండు వారాలు చూడాలన్నాడు డాక్టరు. ఆ గడువు తీరిన పొద్దున అవ్వ ఎవరినీ అడగకుండా మేకలను తోలుకొని గుట్టెక్కింది. వెనకాల మిషను సంచితో నేను. పైన ఒక బండ మీద కూర్చుని ఊపిరి తీసుకుంది. లేచి నిలబడింది, కింద ఊరిని చూసింది, తూలలేదు. మళ్లీ కూర్చుని నేను అడగకముందే చేయి చాపింది. చుట్టి మీట నొక్కాను. పట్టీ బిగిసి, వదులైంది.

నాడి డెబ్బై ఆరు.